లోటస్ పేర బస్‌స్టాప్ లేదు

సిద్దిపేట బస్సు జూబ్లీ బస్‌స్టేషన్‌లో దింపాక అక్కడి నుంచి ప్యారడైజ్ ఎంతో దూరం లేదు. ఆ చౌరస్తాకు పేరు బిర్యానీ వల్లే వచ్చిందని ఇప్పటి పిల్లలు గట్టిగా వాదిస్తారు. పేరు పెట్టింది బిర్యానీ కాదు, సినిమా హాలు. ప్యారడైజ్ టాకీసులో 1953లో చిన్న క్యాంటీనుగా మొదలైనదే తర్వాత అంత పెద్ద హోటలైంది. హాలు పోయింది, క్యాంటీను నిలిచింది. 2017లో మెట్రో వస్తే స్టేషన్‌కూ అదే పేరు పెట్టారు. సంగీత్ చౌరస్తాదీ ఇదే వరస. 1969లో కట్టిన సంగీత్ థియేటర్ 2008లో మూతపడింది, పేరు మాత్రం రోడ్డు మీదే ఉండిపోయింది. అమీర్‌పేటలో సత్యం టాకీసును పడగొట్టిన చోట 2023 జూన్‌లో ఏఏఏ సినిమాస్ వెలిసింది. అయినా పాతవాళ్ల నోట ఆ జాగా ఇంకా సత్యమే.

2023 అక్టోబరులో రైలు వచ్చేదాకా సిద్దిపేటవాళ్లకు పట్నం అంటే బస్సు ప్రయాణమే. పట్నంలో దారి గుర్తులంటే టాకీసుల పేర్లే. ఫలానా టాకీసు ఎదురుగల్లీ, ఫలానా టాకీసు దాటాక రెండో మలుపు అని చెబితే చాలు, ఎంత కొత్తవాడైనా ఇల్లు పట్టుకునేవాడు. అందుకే ఒక్కో సింగిల్ స్క్రీన్ కూలుతుంటే పత్రికల్లో స్మృతి వ్యాసాలు వరస కడుతున్నాయి. అవి రావాల్సిందే. కానీ దాదాపు అన్నీ ఒకే చోట మొదలవుతాయి. అబిడ్స్ దగ్గరి జమరూద్ మహల్, ప్యాలెస్ టాకీస్, యాకుత్‌పురాలోని యాకుత్ మహల్ అంటూ టాకీల రోజుల నుంచి లెక్క తీస్తాయి. అంతకు ముందు హైదరాబాదులో తెరే లేదన్నట్టు రాస్తాయి.

తెర ఉంది. ఒకటి కాదు, ఒకే కంపెనీకి రెండు సినిమా హాళ్లు ఉన్నాయి. వాటి వెనక సొంత స్టూడియో, సొంత లాబరేటరీ ఉన్నాయి. 1922 నుంచి 1924 దాకా నడిచిన ఆ సంస్థ పేరు లోటస్ ఫిల్మ్ కంపెనీ. ఆ హాళ్ల పేర ఇవాళ బస్‌స్టాప్ లేదు, గల్లీ లేదు, గోడ మీద రాతా లేదు.

లోటస్‌ను నడిపినాయన ధీరేంద్రనాథ్ గంగూలీ. సినీలోకానికి డి.జి. 1893లో కలకత్తాలో పుట్టిన బెంగాలీ. ముందు చిత్రకారుడు. హైదరాబాదులో నిజాం సర్కారు ఆర్ట్ స్కూల్లో హెడ్‌మాస్టరుగా పనిచేశాడు. వేషాలు మార్చి, తన ముఖం మీదే రకరకాల హావభావాలు పలికించి ఫోటోలు తీసుకుని పుస్తకంగా వేసిన చమత్కారి. కలకత్తా వెళ్లి 1921లో ‘బిలాత్ ఫేరత్’ తీశాడు. సీమకు వెళ్లొచ్చి దొరబాబులా మారిన యువకుణ్ని ఆటపట్టించే ఆ హాస్య చిత్రం అక్కడ బాగా ఆడింది. ఆ మరుసటి ఏడే హైదరాబాదుకు తిరిగొచ్చి, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ అండతో లోటస్ స్థాపించాడు. ‘ఇంద్రజిత్తు’, ‘హరగౌరి’, ‘యయాతి’, ‘చింతామణి’, ‘ది లేడీ టీచర్’, ‘ది మ్యారేజ్ టానిక్’ వంటివి ఇక్కడ తీసిన మూకీలే. ఇందులో పురాణం ఉంది, వేశ్య కథ ఉంది, చదువుకున్న ఆడవాళ్ల మీద హాస్యమూ ఉంది. రెండేళ్లలో ఇన్ని రకాలు తీసిన కంపెనీని పక్కన పెట్టి చరిత్ర రాయడం ఎట్లా కుదురుతుంది?

కుదిరింది. తెలుగు సినిమా పుట్టుక మీద రాసిన పుస్తకాలు చాలావరకు మద్రాసు నుంచి బయల్దేరి బెజవాడ, రాజమండ్రి మీదుగా తిరిగి మద్రాసు చేరతాయి. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టాడు, ఆయన కొడుకు ప్రకాశ్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. అదే ఏడు బెజవాడలో పోతిన శ్రీనివాసరావు మారుతీ సినిమా తెరిచాడు. 1936లో నిడమర్తి సూరయ్య రాజమండ్రిలో దుర్గా సినీటోన్ పెట్టి ‘సంపూర్ణ రామాయణం’ తీశాడు. ఇవన్నీ నిజాలే, గౌరవించాల్సిన పనులే. చిక్కు వాటికి తగిలించిన బిరుదుల దగ్గరే ఉంది. తెలుగు నేల మీద మొదటి స్టూడియో దుర్గా సినీటోన్ అని రాస్తారు. హైదరాబాదుకు వచ్చేసరికి 1956లో అమీర్‌పేటలో వెలిసిన సారథి స్టూడియోస్ మొదటిది అంటారు. 1922లో ఇదే ఊళ్లో స్టూడియో, లాబరేటరీ నడిచిందంటే రాజమండ్రికన్నా పద్నాలుగేళ్లు, సారథికన్నా ముప్పైనాలుగేళ్లు ముందన్నమాట. దీన్ని కాదనడానికి ఏ కొలత వాడుతున్నారో ఆ రచయితలు చెప్పాలి.

వాళ్ల కొలత ఎప్పుడూ ఒకటి కాదు. ‘భీష్మ ప్రతిజ్ఞ’ మద్రాసులో తీసినా, మాటల్లేని సినిమా అయినా, తీసినవాళ్లు తెలుగువాళ్లు కాబట్టి తెలుగు సినిమా ఖాతాలో వేశారు. అక్కడ మనిషి లెక్క. స్టూడియోల దగ్గరికి వచ్చేసరికి తెలుగు నేల అన్నారు. అక్కడ జాగా లెక్క. లోటస్ మీద మనిషి కొలత వేసి, గంగూలీ బెంగాలీ కదా అని తీసేశారు. జాగా కొలత వేస్తే హైదరాబాదు అప్పట్లో నిజాం రాజ్యం కదా అన్నారు. ఏ కొలతతో కొలిచినా చివరికి నష్టపోయేది తెలంగాణ గడ్డే. ఈ ఫిర్యాదులో కొంత ప్రాంతాభిమానం ఉంటే ఉండొచ్చు, కానీ తేదీలకు ప్రాంతం ఉండదు. అదే తేదీల ప్రకారం బెజవాడ మారుతీకి లోటస్‌కన్నా ఒక ఏడు పెద్దరికం ఇవ్వాల్సిందే. హాళ్ల విషయంలో తొలి పీట తెలంగాణకే కావాలన్న పట్టుదల ఇక్కడ లేదు. స్టూడియో విషయంలో మాత్రం రాజీ లేదు.

ఇక లోటస్ మూతపడిన తీరు దగ్గరే అసలు పేచీ. 1924లో గంగూలీ తన హాల్లో ‘రజియా బేగం’ అనే బొంబాయి చిత్రాన్ని ఆడించాడు. ఢిల్లీ సుల్తానుల్లో ఏకైక మహిళ రజియా ప్రేమకథ అది. అది ప్రభువుల చెవిన పడింది. ఇరవై నాలుగు గంటల్లో రాజ్యం విడిచి పొమ్మని హుకుం వచ్చింది. గంగూలీ కలకత్తా దారి పట్టాడు. స్టూడియో, లాబరేటరీ, రెండు హాళ్లు అన్నీ ఆ ఒక్క చిత్రంతో ముగిశాయి. ఎరిక్ బార్నో, ఎస్. కృష్ణస్వామి 1963లో వేసిన ‘ఇండియన్ ఫిల్మ్’ పుస్తకంలో ఈ కథ ఉంది. అప్పటికి గంగూలీ బతికే ఉన్నాడు. తర్వాత రాసినవాళ్లు ఎక్కువమంది అందులో ఉన్నదే అటూ ఇటూ మార్చి రాశారు.

అలా మార్చిన చోట ఒకటి ఉంది. ముస్లిం రాణికీ హిందూ యువకుడికీ ప్రేమ చూపించినందుకు నిజాం మండిపడ్డాడని ఎక్కువ పుస్తకాలు రాస్తాయి. రజియా చరిత్ర చదివినవాళ్లు ఇక్కడ ఆగాలి. ఆమె 1236 నుంచి 1240 దాకా ఏలింది. ఆమెతో కలిపి చరిత్రకారులు చెప్పే పేరు యాకూత్. అతను హబ్షీ, అశ్వశాలల అధికారి, ముస్లిం. ఆమె తర్వాత పెళ్లాడిన అల్తూనియా కూడా ముస్లిమే. హిందూ ప్రేమికుడు చరిత్రలో లేడు. ఉంటే సినిమా కథలో ఉండాలి, లేదా చెప్పినవాళ్ల జ్ఞాపకంలో ఉండాలి. హబ్షీ బానిసను సుల్తానా ప్రేమించిందన్న కథే తెర మీద ఆడి ఉంటే, అది హైదరాబాదు దర్బారుకు మరో రకంగా ఇబ్బందే. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే హబ్షీ దళం ఉండేది. ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు వాళ్ల వల్లే వచ్చింది. రాణివాసమూ హబ్షీ సేవకులూ ఉన్న రాజ్యంలో ఆ కథ నాలుగణాల ప్రేక్షకుడి ముందు ఆడితే ప్రభువుకు ఎట్లా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ ఏడాది రోజులు కూడా మామూలువి కావు. 1924 మార్చి 3న టర్కీ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. పదవి పోయి దేశం విడిచిన ఖలీఫా అబ్దుల్ మజీద్‌కు నిజామే పింఛను కట్టాడు. అంతకు ముందు ఏడే బేరార్ తిరిగి ఇమ్మని వైస్రాయ్ రీడింగ్‌కు లేఖ రాసి బ్రిటిష్‌వాళ్లతో పేచీకి దిగాడు. ముస్లిం లోకంలో తన పరపతి, తెల్లవాళ్ల ముందు తన సార్వభౌమత్వం, రెండూ తూకంలో పెట్టుకుని కూర్చున్న పాలకుడికి తన సొంత రాజధానిలో, తాను ఊతమిచ్చిన మనిషే, సుల్తానా ప్రేమకథ చూపించాడు. కోపం అక్కడి నుంచి వచ్చిందనడం హిందూ-ముస్లిం పేచీ అనడంకన్నా నమ్మేట్టుగా ఉంటుంది.

దీన్ని మత కథగా మలిచేవాళ్లు ఇంకో సంగతి దాటేస్తారు. అదే నిజాం అండతో ఇంద్రజిత్తు కథ, శివపార్వతుల కథ, యయాతి కథ తెరకెక్కాయి. హిందూ పురాణం మీద అభ్యంతరం ఉంటే అవి ఎట్లా వచ్చాయి? ఎదుటి జట్టు రాతలూ అంత నిజాయితీగా లేవు. నిజాం సినిమాను పోషించాడు, కళలను ఆదరించాడు అని రాస్తూ 1922 దగ్గర మొదలుపెట్టి 1923 దగ్గర కలం దించేస్తారు. 1924 రాదు. అండ ఇచ్చిన చేయే ఒక్క రోజు గడువుతో గెంటేసింది. రెండూ ఒకే మనిషి పనులు. ఒకటి చెప్పి రెండోది మింగేసేవాళ్లను చరిత్రకారులు అనలేం.

మరి ఇంత పెద్ద సంగతి ఊరి జ్ఞాపకంలో ఎందుకు నిలవలేదు? మొదటి కారణం చట్టం. 1918లో బ్రిటిష్ ఇండియాలో సినిమాటోగ్రాఫ్ చట్టం వచ్చింది. హాలుకు లైసెన్సు, బొమ్మకు సర్టిఫికెట్, ప్రతిదానికీ కాగితం తప్పనిసరి అయ్యాయి. మద్రాసు, కలకత్తా హాళ్ల చరిత్ర రాయడం తేలికైంది ఆ కాగితాల వల్లే. నైజాం ఇలాకాకు ఆ చట్టం వర్తించలేదు. 1927లో రంగాచారి అధ్యక్షతన ఏర్పడిన సినిమాటోగ్రాఫ్ కమిటీ పనీ బ్రిటిష్ ఇండియా చుట్టూనే తిరిగింది. ఆ నాలుగు సంపుటాల సాక్ష్యాలు తిరగేసి దక్షిణాది సినిమా చరిత్ర అల్లినవాళ్లకు హైదరాబాదు కనపడకపోవడంలో వింత లేదు. అందులో లేనిది అసలే లేదనుకోవడం మాత్రం వాళ్ల తప్పే.

రెండో కారణం పత్రికలు. తెలంగాణ తెలుగు పత్రికలు అప్పుడే కళ్లు తెరుస్తున్నాయి. నల్లగొండలో నీలగిరి, ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరుల తెలుగు పత్రిక, రెండూ 1922లోనే పుట్టాయి. సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక వచ్చేసరికి 1926 మే, గంగూలీ పోయి రెండేళ్లు. అసలు హైదరాబాదు సభల్లో తెలుగు మాట్లాడడమే గగనంగా ఉన్న కాలం అది. 1921 నవంబరులో వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే ఈలలు, చప్పట్లతో కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. మరుసటి ఏడే అదే పట్నంలో లోటస్ తెరుచుకుంది. భాష గొడవ లేని మూకీ బొమ్మ ముందు తెలుగువాడూ, మరాఠీవాడూ, ఉర్దూవాడూ పక్కపక్కన కూర్చోగలిగాడు. సభకన్నా సినిమా హాలే అందరినీ కూర్చోనిచ్చింది.

మూడో కారణం బొమ్మ స్వభావం. మూకీ హాలంటే ఇవాళ్టి నిశ్శబ్ద మందిరం కాదు. ఆపరేటర్ చేత్తో హ్యాండిల్ తిప్పేవాడు. యంత్రం లోపల రెండు కార్బన్ కడ్డీల మధ్య నిప్పు మెరుపు వెలిగేది. కడ్డీ కాలి పొట్టి అయ్యేకొద్దీ దగ్గరికి జరపకపోతే తెర మీద మనుషులు మసకబారేవారు. తెర కింద హార్మోనియం, తబలా. చదువురానివాళ్ల కోసం కార్డుల మీది రాతలు గట్టిగా చదివి, అర్థం చెప్పి, అవసరమైతే తన సొంత మాటలూ కలిపే వ్యాఖ్యాత. వెయ్యి అడుగుల రీలు పదహారు నిమిషాల పైచిలుకు నడిచేది. రీలు అయిపోతే దీపాలు వెలిగేవి, శనగలూ సోడాలూ తిరిగేవి. ఆ రీలు నైట్రేట్ ఫిల్ము. నిప్పు తగిలితే భగ్గుమంటుంది, తగలకపోయినా ఏళ్లు గడిస్తే జిగటగా కరిగి పొడైపోతుంది. ఆడి అయిపోయిన ప్రింట్లను వెండి కోసం కరిగించేవారు. తొలి భారతీయ టాకీ ‘ఆలం ఆరా’కే ఆ గతి పట్టింది. దేశంలో తయారైన పదమూడు వందల పైచిలుకు మూకీల్లో మిగిలినవి చాలా కొద్ది. వాటిలో లోటస్ చిత్రాలకు చోటు దక్కలేదు.

ఈ గొడవతో సిద్దిపేటకు ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. పని ఉంది. సిద్దిపేట మీదుగా పోయే అదే రోడ్డు చివర కరీంనగర్‌లో 1909లో పైడి జైరాజ్ పుట్టాడు. నిజాం కాలేజీలో చదువుకున్నాడు. తెర మీద మోజుతో 1920ల చివర బొంబాయి పోవాల్సి వచ్చింది. లోటస్ ఇంకో ఐదేళ్లు బతికి ఉంటే కాలేజీ నుంచి నడిచి వెళ్లి వేషం అడిగేవాడు. ఆయన హిందీ తెరకు హీరో అయ్యాడు, 1980లో ఫాల్కే పురస్కారం అందుకున్నాడు, తెలుగువాళ్లకు మాత్రం చాలాకాలం పరాయివాడుగానే మిగిలాడు. అంతకు ముందే, 1975 సంవత్సరానికి, అదే పురస్కారం గంగూలీకీ దక్కింది. హైదరాబాదు పోగొట్టుకున్న ఇద్దరికి దేశం పెద్దపీట వేసింది. తెలంగాణ సర్కారు 2025లో ఇచ్చిన గద్దర్ ఫిలిం అవార్డుల్లో పైడి జైరాజ్ పేర ఒక పురస్కారం చేర్చడం ఆలస్యంగానైనా మంచి పని. గంగూలీ పేర, లోటస్ పేర ఏమీ లేదు.

ఇప్పటి సిద్దిపేట జిల్లాలోనే ఉన్న ప్రజ్ఞాపూర్‌లో బి. నర్సింగరావు పుట్టాడు. ఆయనా గంగూలీ లాగే ముందు కుంచె పట్టినవాడే. ‘మా భూమి’ నిర్మించి, ‘రంగుల కల’ తీసి, 1988లో ‘దాసి’తో ఐదు జాతీయ అవార్డులు తెచ్చాడు. ‘దాసి’ కథా కాలం 1920ల తెలంగాణ, గడీ లోపల ఆడబిడ్డ బతుకు. పట్నంలో లోటస్ తెర మీద యయాతి, చింతామణి ఆడుతున్న ఆ దశాబ్దంలోనే ఊళ్లల్లో ఆ బతుకు నడిచింది. ఆ బతుకు తెరకెక్కడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. హైదరాబాదులో సినిమా 1924లో తెగిపోకుండా సాగి ఉంటే ఈ కథలు ఇంత ఆలస్యం అయ్యేవి కావన్నది అతిశయోక్తి అనిపించవచ్చు. కానీ తెలంగాణ మాట, తెలంగాణ ముఖం తెర మీదికి రావడానికి ఎంతకాలం పట్టిందో చూసినవాళ్లెవరూ దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు. కాపు రాజయ్య వంటి చిత్రకారుణ్ని ఇచ్చిన సిద్దిపేట ఈ ప్రశ్న అడగకపోతే ఇంకెవరు అడగాలి?

కాగితాలు దొరకవని చేతులెత్తేయడం కుదరదు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని అందరూ దశాబ్దాల పాటు రాశారు, పండుగలు చేశారు. రెంటాల జయదేవ పాత పత్రికల ప్రకటనలు, సెన్సార్ వివరాలు తవ్వి, అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని తేల్చారు. ఒక్క మనిషి ఓపికగా కూర్చుంటే పుస్తకాల్లో తేదీ మారిపోయింది.

లోటస్‌కూ అలాంటి తవ్వకం కావాలి. ఎక్కడ తవ్వాలో కూడా తెలుసు. 1920 నుంచి 1934 దాకా హైదరాబాదు కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి. సురవరం ప్రతాపరెడ్డి జీవితచరిత్ర రాసింది ఆయనదే. పట్నంలోంచి ఒక మనిషిని ఇరవై నాలుగు గంటల్లో పంపించేశారంటే ఆ హుకుం కొత్వాలీ చేతుల మీదుగా నడవాలి. అసఫ్‌జాహీ కాలపు దస్తావేజులు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ముషీరె దక్కన్, రహబరె దక్కన్ వంటి ఉర్దూ దినపత్రికలు ఆ ఏళ్లలో నడుస్తున్నవే. రెండు హాళ్లు నడిపిన కంపెనీ పత్రికల్లో ప్రకటన వేయకుండా ఉండదు. ఉర్దూ చదవగల తెలుగు సినీ పరిశోధకులు తక్కువ, అందుకే ఇన్నాళ్లూ ఆ కట్టలు విప్పలేదు.

సిద్దిపేటలో, గజ్వేల్‌లో, దుబ్బాకలో ఉర్దూ మీడియం చదివిన పెద్దలు, ఉర్దూ అధ్యాపకులు ఇంకా ఉన్నారు. విశ్వవిద్యాలయాలు వాళ్లలో నలుగురినైనా పిలిచి, సినిమా తెలిసిన కుర్రవాళ్లను పక్కన కూర్చోబెట్టి, 1922, 1923, 1924 సంవత్సరాల ఆ పత్రికలను పేజీ పేజీ చదివించాలి. రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ ఆ ఖర్చు భరించాలి. రెండు హాళ్లు ఏ వీధుల్లో ఉండేవో తేలిన రోజున అక్కడ తెలుగులో, ఉర్దూలో, బెంగాలీలో ఒక పలక పెట్టాలి. దాని మీద 1922తో పాటు 1924 కూడా చెక్కాలి.